పుట్టిన తేదీకి గంటలెందుకు?

వెబ్ ప్రోగ్రామింగ్‌లో తేదీలు, సమయాలు: ఒక పాఠం

ముందు ఒక తప్పు ఒప్పుకుని, ఆ తర్వాత పాఠంలోకి వెళ్తాను.

నేను మూడో సంవత్సరంలో ఉన్నప్పుడు మా బ్యాచ్ వాళ్ళం నలుగురం కలిసి ఒక చిన్న వెబ్‌సైట్ తయారుచేశాం. బయట జరిగే ఒక పరీక్షకి వెళ్ళే విద్యార్థుల వివరాలు సేకరించడం దాని పని. పేరు, బ్రాంచి, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు, అంతే. అందులో ఫారం భాగం నాది. నా ల్యాప్‌టాప్‌లో పదిసార్లు నింపి చూశాను. ప్రతిసారీ "విజయవంతంగా సేవ్ అయ్యింది" అని పచ్చరంగులో వచ్చింది. ఆ పచ్చరంగు చూసి పని అయిపోయిందనుకున్నాను. మేం సేకరించిన లిస్టు ఎక్సెల్ ఫైలుగా పరీక్ష పెట్టేవాళ్ళకి వెళ్ళింది. దాన్నుంచే హాల్ టికెట్లు అచ్చయ్యాయి.

పరీక్ష రోజు మా జూనియర్ ఒకమ్మాయి రాత్రి బస్సులో ఊరి నుంచి వచ్చి నేరుగా సెంటర్‌కి వెళ్ళింది. గేటు దగ్గర హాల్ టికెట్‌నీ, పదో తరగతి మెమోనీ పక్కపక్కన పెట్టి చూశారు. మెమోలో 15 ఆగస్టు 2005. హాల్ టికెట్‌లో 14 ఆగస్టు 2005. "తేదీ కలవట్లేదమ్మా, పక్కన నిలబడు" అన్నారు. ఆమె వెనక వచ్చిన మనవాళ్ళందరిదీ అదే కథ. అందరి పుట్టినరోజూ సరిగ్గా ఒక్క రోజు వెనక్కి జరిగింది. కాలేజీ నుంచి లెటర్ వచ్చి, అందరినీ లోపలికి పంపేసరికి నలభై నిమిషాలు పోయాయి. ఆ నలభై నిమిషాలు ఎవరూ తిరిగి ఇవ్వలేదు. ఆ అమ్మాయికి కటాఫ్‌కి మూడు మార్కులు తగ్గాయి. ఆలస్యం వల్లేనా అంటే ఎవరూ చెప్పలేరు. కాదని మాత్రం నేను అనలేను.

సాయంత్రం హాస్టల్‌కి వచ్చి ఒకటే అడిగింది. "అక్కా, నేను ఫారంలో 15 అనే కదా పెట్టాను. మరి 14 ఎవరు పెట్టారు?"

ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసమే ఆ జవాబు.

ముందు రెండు మాటలు

ఈ విషయంలో రెండు పనులుంటాయి. ఒకటి ఫార్మాటింగ్. అంటే కంప్యూటర్ లోపల ఉన్న విలువని మనిషి చదువుకునే రూపంలోకి మార్చడం. రెండోది పార్సింగ్. అంటే అక్షరాల రూపంలో ఉన్న తేదీని చదివి, కంప్యూటర్‌కి అర్థమయ్యే విలువగా మార్చడం.

మన క్లబ్ వాళ్ళకి పార్సింగ్ కొత్త కాదు. పద్యానికి గణవిభజన చేయడం అలాంటిదే. ఇది ఉత్పలమాల అని ముందే తెలిస్తే భ, ర, న, భ, భ, ర, వ అని విడగొట్టి సరిచూసుకుంటాం. ఎక్కడైనా తేడా వస్తే "ఇక్కడ గణం తప్పింది" అని చెప్పగలం. ఏ వృత్తమో తెలియకుండా మొదలుపెడితే ఊహించడమే అవుతుంది. తేదీల్లో కూడా అంతే. ఏ పద్ధతిలో రాశారో తెలిసి చదివితే అది పార్సింగ్. తెలియకుండా చదివితే జాతకం.

03/04 అంటే ఏ నెల?

03/04/2025 అని కనిపిస్తే మనం ఏప్రిల్ 3 అంటాం. అమెరికాలో మార్చి 4 అంటారు. ఎవరి తప్పూ లేదు, అలవాటు వేరు. కానీ జావాస్క్రిప్ట్‌లోని డేట్‌కి ఈ అక్షరాలు అలాగే ఇస్తే క్రోమ్‌లో గానీ, నోడ్‌లో గానీ మార్చి 4 అనే తీసుకుంటుంది. అది అమెరికా పద్ధతి.

ఇందులో అసలు ప్రమాదం వేరే ఉంది. 25/12/2024 ఇస్తే 25వ నెల లేదు కాబట్టి "చెల్లని తేదీ" అని వస్తుంది. మనం వెంటనే సరిదిద్దుకుంటాం. కానీ 12వ తేదీ లోపు రోజులు ఇస్తే ఏ గొడవా చేయకుండా నెలనీ, రోజునీ తారుమారు చేసి పెట్టుకుంటుంది. అరిచే తప్పు కన్నా నోరుమూసుకున్న తప్పే ఎక్కువ నష్టం చేస్తుంది. ప్రాజెక్టు టెస్టింగ్ నెలాఖరులో చేసినవాళ్ళకి దొరికే బగ్, నెల మొదట్లో చేసినవాళ్ళకి దొరకదు.

పీహెచ్‌పీలో ఇంకో తమాషా ఉంది. స్ట్ర్‌టుటైమ్ అనే ఫంక్షన్‌కి 05/08/2005 అని గీతలతో ఇస్తే మే 8 అంటుంది. అదే 05-08-2005 అని అడ్డగీతలతో ఇస్తే ఆగస్టు 5 అంటుంది. ఒక్క గుర్తు మారితే మూడు నెలల తేడా! అది బగ్ కాదు, వాళ్ళ డాక్యుమెంటేషన్‌లో రాసి ఉన్న నియమమే. మనం చదవం, అంతే.

జావా వాడేవాళ్ళకి అక్షరాల పట్టింపు ఉంటుంది. ఫార్మాట్ రాసేటప్పుడు పెద్ద ఎమ్ అంటే నెల, చిన్న ఎమ్ అంటే నిమిషం. పెద్ద హెచ్ అంటే 24 గంటల లెక్క, చిన్న హెచ్ అంటే 12 గంటల లెక్క. చిన్న హెచ్ పెట్టి, ఏఎమ్, పీఎమ్ వదిలేస్తే మధ్యాహ్నం 1:30, అర్ధరాత్రి దాటాక 1:30 ఒకేలా కనిపిస్తాయి. అన్నిటికన్నా దొంగది పెద్ద వై. చిన్న వై అంటే మామూలు సంవత్సరం. పెద్ద వై అంటే వారాల లెక్కన వచ్చే సంవత్సరం. ఏడాదంతా రెండూ దాదాపు ఒకే జవాబు ఇస్తాయి. 2024 డిసెంబర్ 30 రాగానే పెద్ద వై మాత్రం 2025 అంటుంది. ఎందుకంటే ఆ వారం తర్వాతి సంవత్సరపు మొదటి వారం లెక్కలోకి వస్తుంది.

ఈ గందరగోళానికి మందుగా వచ్చిందే ఐఎస్ఓ 8601. 1988లో తొలిసారి ప్రచురించారు. ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు: 2005-08-15. పెద్దది ముందు, చిన్నది వెనక. అందుకే అక్షరక్రమంలో పేరిస్తే తేదీల వరస దానంతటదే వస్తుంది. ఇంటర్నెట్ అవసరాలకి దీన్నే బిగించి 2002లో ఆర్ఎఫ్‌సీ 3339 అని రాశారు. తేదీకీ, సమయానికీ మధ్య టీ అనే అక్షరం, చివర ఎంత తేడా అన్నది: మనకైతే +05:30, యూటీసీకైతే జెడ్.

కంప్యూటర్ లోపల ఏముంటుంది?

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకి వద్దాం.

జావాస్క్రిప్ట్ 1995లో పుట్టింది. అందులోని డేట్‌ని అప్పటి జావా నుంచి దాదాపు అలాగే తెచ్చుకున్నారు. నెలల్ని సున్నా నుంచి లెక్కపెట్టే అలవాటు కూడా అక్కడిదే. జనవరి 0, ఆగస్టు 7. పేరు డేట్ అయినా లోపల ఉన్నది తేదీ కాదు. ఒకే ఒక్క సంఖ్య. యూటీసీ ప్రకారం 1970 జనవరి 1 అర్ధరాత్రి నుంచి ఎన్ని మిల్లీసెకన్లు గడిచాయో ఆ సంఖ్య. ఆ క్షణంలో మన దేశంలో ఉదయం 5:30 అయ్యింది. ఏ సైట్‌లోనైనా "1 జనవరి 1970, ఉదయం 5:30" అని కనిపిస్తే తేదీ రావాల్సిన చోట ఖాళీయో, సున్నానో వచ్చిందని అర్థం. 1970 జనవరి 20 ప్రాంతంలో తేదీలు కనిపిస్తే సెకన్లని మిల్లీసెకన్లనుకుని ఇచ్చారని, వెయ్యితో గుణించడం మర్చిపోయారని అర్థం. డాక్టర్‌కి నాడి దొరికినట్టు ఈ రెండు తేదీలూ మనకి గుర్తుండాలి.

ఇక నా బగ్. నేను వాడిన క్యాలెండర్ లైబ్రరీలో 15 ఆగస్టు నొక్కగానే అది "2005 ఆగస్టు 15, అర్ధరాత్రి 12 గంటలు, ఈ కంప్యూటర్ ఉన్న చోటి సమయం" అనే డేట్ తయారుచేసింది. అంటే భారత సమయంలో అర్ధరాత్రి. దాన్ని సర్వర్‌కి పంపేటప్పుడు టు ఐఎస్ఓ స్ట్రింగ్ అనే ఫంక్షన్ యూటీసీలోకి మార్చింది. మనం యూటీసీ కన్నా ఐదున్నర గంటలు ముందుంటాం. మన 15వ తేదీ అర్ధరాత్రికి అక్కడ ఇంకా 14వ తేదీ సాయంత్రం 6:30. నేను ఆ స్ట్రింగ్‌లో మొదటి పది అక్షరాలు కోసి డేటాబేస్‌లో పెట్టాను. 2005-08-14. ఫారం స్క్రీన్ మీద మాత్రం బ్రౌజర్‌లో ఉన్న పాత విలువే కనిపించేది కాబట్టి నాకెప్పుడూ 15 గానే కనిపించింది. డేటాబేస్ తెరిచి ఒక్కసారి కూడా చూడలేదు.

కాబట్టి 14 ఎవరూ పెట్టలేదు. ఐదున్నర గంటలు పెట్టాయి.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. 2005-08-15 అని తేదీ మాత్రమే ఇచ్చి పార్స్ చేస్తే జావాస్క్రిప్ట్ దాన్ని యూటీసీ అర్ధరాత్రి అనుకుంటుంది. అది మనకి ఉదయం 5:30, తేదీ అదే 15. ఇబ్బంది కనిపించదు. అదే కోడ్‌ని అమెరికాలో డాలస్‌లో నడిపితే అక్కడింకా ముందు రోజు సాయంత్రమే కాబట్టి 14 అని చూపిస్తుంది. అంటే వాళ్ళకి పార్సింగ్‌లో తగిలే దెబ్బ మనకి ఫార్మాటింగ్‌లో తగులుతుంది. అక్కడివాళ్ళు రాసిన పరిష్కారం కాపీ చేసి ఇక్కడ అతికిస్తే ఎందుకు పనిచేయదో ఇప్పుడు తెలిసింది కదా.

సార్ అడిగిన ప్రశ్న

బగ్ దొరికాక నేను చేసిన మొదటి రిపేరు ఏమిటో తెలుసా? ఐదున్నర గంటలు కలిపేశాను. 15 వచ్చింది. సంతోషంగా ల్యాబ్‌లో సార్‌కి చూపించాను. ఆయన కోడ్ చూసి, "పుట్టిన తేదీకి గంటలెందుకమ్మా?" అన్నారు. అంతే అన్నారు.

రెండు రోజులు ఆలోచిస్తే అర్థమైంది. మనం కాలం అనే ఒకే మాట కింద మూడు వేరే వేరే వస్తువులు కలిపేస్తున్నాం.

మొదటిది క్షణం. ఫీజు కట్టిన నిమిషం, ఫారం సబ్మిట్ చేసిన సెకను, సర్వర్ లాగ్. ప్రపంచమంతటికీ అది ఒకటే. దీన్ని యూటీసీలో దాచుకోవాలి, చూసేవాళ్ళ సమయంలోకి మార్చి చూపించాలి.

రెండోది తేదీ. పుట్టినరోజు, సెలవు రోజు, పండగ. దీనికి గంటలు లేవు, టైమ్‌జోన్ లేదు. ఆగస్టు 15న పుట్టినవాళ్ళు డాలస్ వెళ్ళినా ఆగస్టు 15నే పుట్టారు. డేటాబేస్‌లో డేట్ అనే రకం కాలమ్ ఉన్నది దీనికోసమే. బ్రౌజర్‌లో టైప్ డేట్ అని ఇచ్చిన ఇన్‌పుట్ బాక్సు తెర మీద తేదీని ఎలా చూపించినా, విలువ మాత్రం ఎప్పుడూ 2005-08-15 రూపంలోనే ఇస్తుంది. నేను లైబ్రరీ జోలికి పోకుండా ఆ పది అక్షరాల్ని అలాగే పంపి ఉంటే ఈ వ్యాసం రాయాల్సిన పనే ఉండేది కాదు.

మూడోది గోడ గడియారం సమయం. "ప్రతి శనివారం రాత్రి 9:30కి కలుద్దాం" అన్నది ఇది. మన క్లబ్ పూర్వ విద్యార్థులు ఆన్‌లైన్‌లో కలుస్తున్నారనుకోండి. మన శనివారం రాత్రి 9:30 అంటే చలికాలంలో డాలస్‌లో శనివారం ఉదయం 10 గంటలు. 2025 మార్చి 8 దాకా అదే లెక్క. మార్చి 9న అమెరికాలో గడియారాలు గంట ముందుకి జరిగాయి. మార్చి 15న మన 9:30 వాళ్ళకి ఉదయం 11 అయ్యింది. మన గడియారం ఎప్పుడూ కదలదు కాబట్టి తేడా ఎప్పుడూ పదకొండున్నర గంటలే అని కోడ్‌లో రాసేస్తాం. అన్నయ్య గంట ముందే వచ్చి ఖాళీ స్క్రీన్ చూస్తూ కూర్చుంటాడు. అందుకే రాబోయే కార్యక్రమాలకి అంకెల తేడా కాకుండా జోన్ పేరు దాచుకోవాలి. మనదైతే ఏషియా/కోల్‌కతా, డాలస్‌దైతే అమెరికా/షికాగో.

మన +05:30 కూడా ఆకాశం నుంచి ఊడిపడలేదు. భారత ప్రామాణిక సమయం 1906 నుంచి ఉంది. 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దానికి ఆధారం. ఆ రేఖ మన ఆంధ్రప్రదేశ్ మీదుగా కూడా వెళ్తుంది. అంతకు ముందు రైళ్ళు మద్రాసు సమయం వాడేవి. అది గ్రీనిచ్ కన్నా 5 గంటల 21 నిమిషాలు ముందు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1942 నుంచి 1945 దాకా, మన గడియారాలు కూడా గంట ముందుకి జరిగాయి. జోన్ పేరు ఇస్తే కంప్యూటర్ ఈ చరిత్రంతా చూసుకుంటుంది. +05:30 అని మాత్రమే రాస్తే చూసుకోలేదు.

ఒక్కమాట. అర్ధరాత్రి దాటాక రెండు గంటలకి పుట్టిన పిల్లని మా అమ్మమ్మ ముందు రోజు వారంలోనే లెక్కేస్తుంది. పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది కాబట్టి. యూటీసీ సర్వర్‌కి రోజు మొదలయ్యేది మన ఉదయం 5:30కి. అంటే సర్వరూ, అమ్మమ్మా దాదాపు ఒకే మాట మీద ఉంటారు. ఇద్దరిదీ తప్పు కాదు. ఏ లెక్కలో చెబుతున్నారో తెలుసుకోకుండా మెమో మీద అచ్చువేయడమే తప్పు.

మనిషికి చూపించేటప్పుడు

లోపల ఎంత క్రమంగా దాచినా, చదివేవాళ్ళకి 2005-08-15 అని చూపించక్కర్లేదు. జావాస్క్రిప్ట్‌లో ఇంటల్ అనే విభాగంలో డేట్‌టైమ్‌ఫార్మాట్ ఉంది. దానికి తెలుగు, ఇండియా అని లొకేల్ ఇచ్చి, నెల పేరు పూర్తిగా కావాలని అడిగితే ఆగస్టు, సెప్టెంబర్ అని తెలుగులోనే ఇస్తుంది. వారాల పేర్లూ ఇస్తుంది. అంకెలు మామూలుగా 15 అనే వస్తాయి. తెలుగు అంకెలు కావాలని విడిగా అడిగితే ౧౫ అని కూడా ఇస్తుంది. నెలల పేర్లు మనమే ఒక అరేలో టైప్ చేసుకుని కూర్చోనక్కర్లేదు.

కానీ ఇలా అందంగా మార్చినదాన్ని మళ్ళీ పార్స్ చేయకండి. ఈ పేర్లూ, ఫార్మాట్లూ సీఎల్‌డీఆర్ అనే భాండాగారం నుంచి వస్తాయి. 2022లో వచ్చిన దాని 42వ వెర్షన్‌లో అమెరికా ఇంగ్లీషు సమయాల్లో ఏఎమ్, పీఎమ్‌ల ముందున్న మామూలు ఖాళీని సన్నని ఖాళీగా మార్చారు. కంటికి తేడా తెలియదు. కానీ ఆ అక్షరాల్ని తిరిగి చదివే ప్రోగ్రాములు చాలా ఆగిపోయాయి. అలంకారం చదువరి కోసం. లెక్క కోసం అసలు విలువ విడిగా ఉండాలి.

ఇప్పుడు జావాస్క్రిప్ట్‌లో టెంపొరల్ అని కొత్తది వస్తోంది. ఫైర్‌ఫాక్స్ 139లో, 2025లో, అందుబాటులోకి వచ్చింది. అందులో క్షణానికి ఇన్‌స్టంట్, తేదీకి ప్లెయిన్‌డేట్, జోన్‌తో కలిసిన సమయానికి జోన్డ్‌డేట్‌టైమ్ అని వేరువేరు రకాలు ఉన్నాయి. నెలలు 1 నుంచే మొదలవుతాయి. సార్ అడిగిన ప్రశ్నే భాషలోకి వచ్చిందన్నమాట.

జూనియర్లకి అయిదు మాటలు

1. కాలమ్ తయారుచేసే ముందే అడగండి: ఇది క్షణమా, తేదీయా, గోడ గడియారం సమయమా?

2. పార్స్ చేసేటప్పుడు ఫార్మాట్ మీరే చెప్పండి. లైబ్రరీని ఊహించనివ్వకండి.

3. ఎక్సెల్ ఫైలు తీసుకునే ముందు రోజు ముందా, నెల ముందా అని పంపినవాళ్ళని అడగండి. 13 దాటిన ఒక తేదీ వెతికి సరిచూడండి.

4. ఐదున్నర గంటలు చేత్తో కలపకండి, తీసేయకండి. కలపాల్సి వస్తోందంటే తప్పు ఇంకెక్కడో ఉంది.

5. పచ్చరంగు మెసేజ్ నమ్మకండి. డేటాబేస్ తెరిచి చూడండి.

ల్యాబ్‌లో చేసి చూడండి

ఒకటి: 2025 సంవత్సరం, నెల 1, రోజు 30 అని ఇచ్చి జావాస్క్రిప్ట్‌లో డేట్ తయారుచేయండి. జవాబు మార్చి 2 ఎందుకు వచ్చిందో రెండు వాక్యాల్లో రాయండి.

రెండు: క్రోమ్ డెవలపర్ టూల్స్‌లో సెన్సార్స్ అనే ప్యానెల్ తెరిచి, మీ కంప్యూటర్‌ని అమెరికాలోని ఏదైనా ఊరికి పంపండి. మీ ప్రాజెక్టులో తేదీలన్నీ ఒకసారి చూడండి.

మూడు: మీ పుట్టిన తేదీ అర్ధరాత్రితో డేట్ తయారుచేసి, టు ఐఎస్ఓ స్ట్రింగ్ పిలవండి. కనిపించిన తేదీని మీ మెమోతో పోల్చండి.

ఆ మూడోది చేసేటప్పుడు గేటు దగ్గర నిలబడ్డ మన వాళ్ళని ఒక్కసారి తలుచుకోండి. మనం రాసే ప్రతి తేదీ వెనకా ఎవరో ఒకరు రాత్రి బస్సులో బయల్దేరి వస్తుంటారు.

ఆ అమ్మాయి మరుసటి ఏడాది పరీక్ష మళ్ళీ రాసింది, ఈసారి గట్టెక్కింది. ఇప్పుడు మన క్లబ్ వెబ్‌సైట్ తనే చూసుకుంటోంది. ఏ కొత్త ఫారం తయారైనా మొదటి ఎంట్రీగా తన పుట్టిన తేదీ వేసి, డేటాబేస్ తెరిచి, 15 అని ఉందో లేదో చూసి గానీ లింకు బయటికి పంపదు.